మూడు కర్చీఫులు

మా అమ్మాయికి ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో సీటొచ్చిందని తెలిసిన సాయంత్రం నేను వేసిన మొదటి జోకు ఇది: "ఆస్టియోపతి అంటే ఏంటో తెలుసా రేణూ? ఆస్తి పోయే పతి. అనగా నేను."

మా ఆవిడ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో రేణు నా జోకులకి నవ్విన సందర్భాలు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. అందులో రెండు పన్ను పీకించుకొచ్చిన రోజున, మత్తు దిగకముందు. నాది తెనాలి, ఆవిడది హన్మకొండ. పెళ్ళిచూపుల్లో నేను మాట్లాడుతూనే ఉంటే, "ఈయన ఎప్పుడన్న ఆగుతడా?" అని వాళ్ళ అక్కని అడిగిందట. ఆగలేదు. అమెరికాలో చికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ వచ్చి ఇరవయ్యేళ్ళయినా ఆగలేదు. ఏ ఇంట్లో పార్టీ అయినా అడ్రసు అక్కర్లేదని, నా గొంతు వినిపించే గుమ్మం ముందు కారు ఆపితే చాలని మా స్నేహితులంటారు.

అలాంటివాణ్ణి నోరు మూసుకున్న కాలం ఒక్కటే ఉంది. కిందటేడు ఫిబ్రవరి నుంచి మే నెల మొదటిదాకా. మూసుకోకూడని కాలం కూడా అదే.

అవని మా ఏకైక సంతానం. ఇరవై మూడేళ్ళు. చిన్నప్పటినుంచీ డాక్టరవుతాననేది. ఈ దేశంలో డాక్టర్లు రెండు రకాలు, ఎమ్‌డీలు, డీవోలు. ఇద్దరూ ఒకే మందులు రాస్తారు, ఒకే ఆపరేషన్లు చేస్తారు, ఒకేలా అర్థంకాని సంతకం పెడతారు. డీవోలు అదనంగా చేతుల్తో ఎముకలూ కండరాలూ సర్దే విద్య కూడా నేర్చుకుంటారు. ఆస్టియోపతి అంటే అదే. అప్లికేషన్లు పెట్టిన కొత్తలో ఈ సంగతి తెనాలిలో మా అన్నయ్యకి ఫోన్లో అరగంటసేపు విడమరిచి చెప్పాను. అంతా విని ఆయన, "అర్థమైందిరా. ఆర్డీవో కింద ఎమ్మార్వో, ఎమ్మార్వో కింద మన పిల్ల డీవో" అన్నాడు. మా వంశంలో ఈ జబ్బు నా ఒక్కడికే లేదు.

డిసెంబర్లో ఒహాయో కాలేజీ రమ్మంది. జనవరిలో మిస్సోరి రమ్మంది. ఫిబ్రవరిలో ఇండియానా రమ్మంది. ముగ్గురూ ఒకటే మాట: సీటు అట్టిపెట్టాలంటే డిపాజిట్ కట్టండి, ఒకసారి కడితే వెనక్కి రాదు.

"మన దగ్గర ఎన్నికల్లో ఓడినవాడికి డిపాజిట్ గల్లంతవుతుంది. ఇక్కడ గెలిచినవాడికి గల్లంతు!" అన్నాను కార్డు తీస్తూ.

"ఒక్కదానికి కట్టు నాన్నా, చాలు. నాకు ఒహాయో నచ్చింది" అంది అవని.

"అలా అనకూడదమ్మా. మా తెనాలి బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరేవాళ్ళం. ఎవడి కర్చీఫ్ పడితే వాడిదే సీటు. తెలివైనవాడు మూడు సీట్లలో మూడు కర్చీఫులు వేసి, ఎక్కాక తీరిగ్గా కిటికీ పక్కది చూసుకుంటాడు."

"యూజ్డ్ కర్చీఫా? ఈఁ. దట్స్ గ్రోస్ నాన్నా." తరవాత ఒక క్షణం ఆలోచించి, "మరి నించున్నవాళ్ళు?" అంది.

"నించుంటారు. బస్సన్నాక నించునేవాళ్ళు నించుంటారు."

మూడింటికీ కట్టాను. అప్లికేషన్ల మొదటి రోజునుంచీ పాస్‌వర్డులన్నీ నా దగ్గరే ఉండేవి. కార్డెవరిదో కాపలా వాళ్ళది. ఏ కాలేజీ ఏ మెయిలు పంపినా దానికీ నాకూ ఇద్దరికీ వచ్చేలా పెట్టాను.

రేణు పెట్టిన రూలు ఒక్కటే. "ఆగస్టుల క్లాసులు మొదలైనదాంక ఎవరికీ చెప్పొద్దు. దిష్టి తగుల్తది. అడిగితే వెయిటింగ్ అను. అవనీ, నువ్వు గూడ అంతే. పర్సిస్‌కు గూడ చెప్పకు. ఏమండీ, మీకే చెప్తున్న, నోరు జాగ్రత్త."

మా వాళ్ళలో ఇది మామూలే. పిల్లల సీట్ల సంగతి గర్భం కంటే గుట్టుగా దాస్తాం. అవని ముఖం చిట్లించింది. ఐదో క్లాసునుంచీ పర్సిస్‌కి చెప్పకుండా దాచింది ఏదీ లేదు. అయినా వాళ్ళమ్మ మాట కాదనలేదు.

పర్సిస్ మా స్నేహితుడు షాలేం రాజుగారి అమ్మాయి. ఆయనది పాలకొల్లు. నాకూ ఆయనకీ పద్నాలుగేళ్ళుగా రైలు స్నేహం. ఇద్దరం పొద్దున్నే రూట్ ఫిఫ్టీనైన్ స్టేషన్లో ఒకే డబ్బా ఎక్కి చికాగో ఆఫీసులకి వెళతాం, సాయంత్రం ఒకే డబ్బాలో తిరిగొస్తాం. నేను మాట్లాడతాను, ఆయన నవ్వుతాడు. మా ఇంట్లో చెల్లని జోకులన్నీ ఆ రైల్లో చెల్లేవి. ఆయన భార్య లూసీ నర్సు. పర్సిస్ ఒక హాస్పిటల్ ఎమర్జెన్సీలో డాక్టర్ల వెనకాల నిలబడి వాళ్ళు చెప్పింది టైపు చేసే ఉద్యోగం చేస్తూ మెడిసిన్‌కి అప్లై చేస్తోంది. రెండుసార్లు రాలేదు. అది మూడోసారి. ఎంట్రన్స్ స్కోరుకి కూడా పెరుగు డబ్బాలాగా ఎక్స్‌పైరీ డేటు ఉంటుందని, పర్సిస్‌ది ఆ ఏడాదితో అయిపోతుందని రాజుగారే చెప్పాడు. "ఇదే ఆఖరుసారి డాడీ అంటందండి. నాకింక ఓపిక లేదంటంది" అన్నాడు ఒకరోజు, కిటికీలోంచి మంచు చూస్తూ.

మార్చి మధ్యలో ఒక ఆదివారం నేను గరాజ్‌లో మంచు తవ్వే పారలు సర్దుతుంటే అవని వచ్చింది.

"నాన్నా, ఐ యామ్ డన్. ఒహాయోకే వెళ్తా. మిగతా రెండూ డ్రాప్ చేసెయ్."

"చేద్దాంలే."

"చేద్దాం కాదు. ఇండియానా ఇవ్వాళే డ్రాప్ చెయ్. ప్లీజ్. టుడే."

"ఏంటంత తొందర? సీటేమన్నా కాలుతోందా?"

"జస్ట్ డూ ఇట్ నాన్నా."

"డీవో కదా, డూ అంటే డూ!" అన్నాను.

అది నవ్వలేదు. నేను లోపలికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. మిస్సోరిది వదిలేశాను. దాని మెయిలు వెంటనే ఇద్దరికీ వచ్చింది. ఇండియానా పేజీ తెరిచి చేతులు కట్టుకుని కూచున్నాను.

నా లెక్క నాకుంది. ఇండియానా మా ఇంటికి మూడు గంటల డ్రైవు. ఒహాయో ఏడు గంటలు. మూడు గంటలంటే ఆదివారం పొద్దున్నే పప్పూ గోంగూర పచ్చడీ కట్టుకుని వెళ్ళి, పిల్లతో అన్నం తిని, రాత్రికి ఇంటికి రావచ్చు. ఏడు గంటలంటే సెలవు పెట్టాలి, హోటల్ బుక్ చేయాలి, ఖాళీగా ఉన్నావా అని దాన్ని ముందే అడగాలి. కూతురి దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళే తండ్రిని అవుతాను. మనసు మారుతుందేమో చూద్దాం, ఇంకో నెల ఆగితే పోయేదేముంది అనుకున్నాను.

"అయిపోయిందా?" అని మెట్లమీంచి అడిగింది.

"అయిపోయింది" అన్నాను.

"రెండూనా?"

"రెండూ."

"థాంక్యూ నాన్నా." కిందికి దిగొచ్చి వెనకనుంచి మెడచుట్టూ చేతులేసింది. పదమూడో ఏటినుంచీ అది అలా చేసి ఎరగను.

ఇండియానా మెయిలు రాలేదేమని అది అడగలేదు. నా మాట మీద నమ్మకం.

ఏప్రిల్ మూడోవారంలో ఒక శుక్రవారం సాయంత్రం రాజుగారింట్లో ప్రార్థన కూడిక పెట్టారు. వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళయిందని కృతజ్ఞత కూడిక. వాళ్ళ తెలుగు చర్చివాళ్ళు ఓ ముప్ఫై మంది, మేమిద్దరం. అవని ఆ వారం ఊళ్ళో లేదు, ఒహాయోలో అద్దె ఇల్లు చూసుకోవడానికి వెళ్ళింది. బేస్‌మెంట్‌లో దుప్పట్లు పరిచారు. వంటింట్లోంచి రొయ్యల ఇగురు వాసన మెట్లు దిగి వస్తోంది. "ప్రార్థనలో ఉన్నానా పరీక్షలో ఉన్నానా" అని రేణు చెవిలో అంటే మోచేత్తో పొడిచింది.

పాటలయ్యాయి. లూసీగారు రెండు మాటలు మాట్లాడింది. తరవాత రాజుగారు లేచి నిలబడ్డాడు. రైల్లో నేను మాట్లాడుతుంటే తలూపే మనిషి అక్కడ కళ్ళు మూసుకుని మాట్లాడటం మొదలుపెట్టేసరికి గొంతు వేరేగా ఉంది. పాతికేళ్ళ కాపురానికీ, ఉద్యోగానికీ, గ్రీన్‌కార్డుకీ స్తోత్రాలు చెప్పాడు. ఆ తరవాత,

"తండ్రీ, నా బిడ్డ పర్సిస్‌ని నీ చేతుల్లో పెడతన్నాను. ఇండియానాలో ఉన్న ఆ కాలేజీలో నీ బిడ్డ పేరు వెయిటింగ్ లిస్టు మొదట్లోనే ఉందని చెప్పారయ్యా. ఒక్క సీటు కదిలితే చాలన్నారు. ఒక్కటంటే ఒక్కటి. ఆ సీటు ఎవరి చేతిలో ఉందో మాకు తెలియదు గానీ నీకు తెలుసు. ఆ చెయ్యి మెల్లిగా విప్పు ప్రభువా. ఆ బిడ్డ ఎవరైనా సరే, వాళ్ళకి అంతకంటే మంచి చోటు చూపించు. వాళ్ళ అమ్మానాన్నలకి సంతోషం కలగజెయ్యి. వాళ్ళని నొప్పించి మాకివ్వద్దు తండ్రీ..."

కళ్ళు తెరిచి చూశాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. పర్సిస్ గోడ దగ్గర మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూచుంది, పనినుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో హాస్పిటల్ బాడ్జీ అలాగే ఉంది. ఇవ్వాళే డ్రాప్ చెయ్యమని అవని ఎందుకందో నాకప్పుడు తెలిసింది.

ప్రార్థన ముగిసింది. "ఆమెన్" అన్నారంతా. నేనూ అన్నాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, అందరికంటే గట్టిగా వినిపించింది. రాజుగారు కళ్ళు తెరిచి నావైపు చూసి, తల వంచి నమస్కారం పెట్టాడు.

ఇంటికెళుతుంటే కారులో రేణు అంది. "అయ్యో, గా ఇండియానానే కదా మనకు గూడ వచ్చింది? మనం ఎప్పుడో ఇడిచిపెట్టినం కాబట్టి సరిపాయె. లేకుంటె ఎంత పాపం."

"ఎప్పుడో" అన్నాను.

"గీ ముచ్చట అవనికి తెలిసే ఉంటది. అందుకే పిల్ల అంత తొందర చేసింది. మంచి మనసు దానిది."

"అవును."

"ఏంది, ఒక్కొక్క మాటే మాట్లాడుతున్నరు? రొయ్యలు పడలేదా?"

మర్నాడే వదిలేస్తే అయిపోయేది. నేనూ అదే అనుకున్నాను. కానీ వదిలిన నిమిషంలో మెయిలు వస్తుంది, నాకూ అవనికీ ఇద్దరికీ. మార్చిలో వదిలేశానన్న సీటు ఏప్రిల్లో వదిలినట్టు తేదీతో సహా అందులో ఉంటుంది. మెడచుట్టూ వేసిన చేతులు గుర్తొచ్చేవి. ఆఫీసులో లంచ్ టైములో ఆ పేజీ తెరిచేవాణ్ణి. సీటు వదులుకుంటారా అని అడిగే బటన్ మీద వేలు పెట్టి తీసేసేవాణ్ణి. మెయిలు దానికి వెళ్ళకుండా చేసే దారేమన్నా ఉందా అని వెతికాను. ఆ మెయిల్‌బాక్స్‌లో దూరి నేనే తుడిచేస్తేనో అని కూడా ఆలోచించాను, నిజం చెబుతున్నాను. ముప్ఫై ఏళ్ళుగా డేటాబేసులు చూసుకునేవాణ్ణి, ఒక్క మెయిలు మాయం చేయలేకపోయాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది ఇంకా నీచమైంది: నేను వదిలినా అది పర్సిస్‌కే వస్తుందని గ్యారంటీ ఏముంది?

అలా పన్నెండు రోజులు. రోజూ రైల్లో రాజుగారు పక్కనే కూచునేవాడు. ఆ పన్నెండు రోజులూ నేను మామూలు కంటే ఎక్కువ జోకులు వేశాను. ఒకరోజు ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంటే వెనక సీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

మే రెండో తారీకు పొద్దున రాజుగారు రైలెక్కి కూచుని, లంచ్ బాక్స్ కాళ్ళ దగ్గర పెట్టుకుని, "తేలిపోయిందండి గురువుగారూ" అన్నాడు.

"వచ్చిందా?" అన్నాను. ఎవరో వదిలారు, ఇక నేను బతికిపోయాను అనుకున్నాను.

"లేదండి. పర్సిస్ నర్సింగ్‌లో చేరతంది. ఏడాదిన్నర కోర్సండి, ఇక్కడే, ఆరోరాలో. దానికి ఒకటో తారీకు లోపల అవునో కాదో చెప్పాలి. నిన్న చెప్పేసింది. మొన్న సాయంత్రమే ఇండియానా వాళ్ళకి రాసేసింది, నా పేరు లిస్టులోంచి తీసెయ్యండీ అని."

"అదెందుకు? లిస్టులో ఉంటే పోయేదేముంది? ఇది చేతిలో ఉంచుకుని అది చూసుకోవచ్చుగా?"

"అలా ఎలాగండి? ఇక్కడ చేరి అక్కడ పిలుపొస్తే ఇది వదిలేసి పోవాల. ఈ నర్సింగ్ సీటు కోసం ఇంకెవరో పిల్ల కాసుక్కూచుంటది కదండి. ఆ పిల్ల సంగతేంటి?"

రైలు లైల్ స్టేషన్లో ఆగింది. జనం ఎక్కారు. నేను కిటికీవైపు తిరిగాను.

"లూసీ చేసిన పనే కదండీ, తక్కువ పనేం కాదు" అన్నాడు రాజుగారు. "పర్సిస్ చెయ్యి మంచిదండి, రోగులకి ఇష్టం. ఆయ్."

ఆఫీసుకి వెళ్ళి, బ్యాగు కూడా దించకుండా ఫోన్లోనే ఆ పేజీ తెరిచి బటన్ నొక్కాను. రెండు సెకన్లు పట్టింది. మెయిలు వచ్చింది: మీ నిర్ణయాన్ని మన్నిస్తున్నాం, మీకు మా శుభాకాంక్షలు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవని వంటింట్లో బల్ల దగ్గర కూచుని ఉంది. ఫోను బల్లమీద, తెర పైకి.

"మే సెకండ్" అంది.

రేణు స్టవ్ దగ్గర చారు కాస్తోంది. "ఏం మే సెకండ్?" అంది వెనక్కి తిరక్కుండా.

"నాన్న ఇండియానా ఇవ్వాళ డ్రాప్ చేశారమ్మా."

గరిటె చప్పుడు ఆగింది.

"అమ్మలూ, నేను ఏమనుకున్నానంటే..."

"రెండూ అన్నావ్. నేను అడిగాను. రెండూనా అని అడిగాను."

"నువ్వు దగ్గర్లో ఉంటావని..."

"పర్సిస్ వాజ్ నంబర్ వన్ నాన్నా. మొన్న. తన పేరు తీసెయ్యమని రాసింది కదా, దానికి వాళ్ళు రిప్లై ఇచ్చారు. యూ వర్ నెక్స్ట్, ఆర్ యూ షూర్ అని అడిగారు. తను యెస్ అంది." అది గొంతు పెంచలేదు. దానికి నా గొంతు రాలేదు, వాళ్ళమ్మ గొంతు వచ్చింది. "అమ్మ చెప్పొద్దంది కాబట్టి పర్సిస్‌కి నేను ఏమీ చెప్పలేదు. డ్రాప్ చేస్తే చాలు కదా అనుకున్నా."

"ఎందుకో నాకు ఒక్క మాట చెప్పుంటే ఆ రోజే..."

"నీకు చెప్తే నువ్వు ఊరంతా చెప్తావని చెప్పలేదు."

చారు పొంగింది. రేణు స్టవ్ కట్టేసి, తుడిచే గుడ్డ తీసుకుని, పొంగిందంతా తుడిచింది. తుడిచాక కూడా చాలాసేపు అదే చోట తుడుస్తూ ఉంది.

"ప్రార్థన రోజు కార్ల ఎప్పుడో అన్నరు గద" అంది చివరికి. అంతే అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకి నాకు జవాబులొచ్చు.

ఆ రాత్రికి పాస్‌వర్డులన్నీ మారిపోయాయి.

జులై చివర్లో అవని ఒహాయో వెళ్ళిపోయింది. వాన్ అద్దెకి తీసుకుని తనే నడిపింది, పక్కన వాళ్ళమ్మ. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. సామానంతా నేనే ఎక్కించాను. పరుపు తాళ్ళతో కట్టేటప్పుడు అవని నా పక్కకొచ్చి నిలబడింది.

"నాన్నా, పర్సిస్‌కి చెప్పేశాను."

తాడు వదిలేసి దానివైపు తిరిగాను. "ఏమంది?"

"ఏడ్చింది. తరవాత నన్ను హగ్ చేసుకుంది. వాళ్ళ డాడీకి చెప్పొద్దంది. నువ్వు కూడా చెప్పకూడదట. ప్రామిస్ తీసుకుంది."

"ఎందుకు?"

"డాడీకి అంకుల్ ఒక్కరే ఫ్రెండ్ అంది."

వాన్ వెళ్ళిపోయింది. నేను గరాజ్ తలుపు దించి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఎదురింటి ముసలాయన చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

ఇప్పుడు అవని ఫోన్ చేస్తుంది, చేయదని కాదు. ఆదివారం ఆదివారం. బాగున్నావా నాన్నా, బాగున్నాను. తిన్నావా, తిన్నాను. అమ్మకివ్వు. దాని అసలు సంగతులు నాకు రాజుగారి దగ్గరే తెలుస్తాయి. శవాన్ని కోసిన మొదటి రోజు అవనికి కళ్ళు తిరిగాయని, ఎముకలు సర్దే క్లాసులో దానికే ఎక్కువ మార్కులని, రూమ్మేట్‌తో గొడవైందని, పర్సిస్ ఆయనకి చెబుతుంది, ఆయన రైల్లో నాకు చెబుతాడు. "మీకు తెలిసే ఉంటది లెండి" అంటాడు. "తెలుసు" అంటాను.

అక్టోబర్లో ఒక సాయంత్రం. రైలు దిగి పార్కింగ్ వైపు నడుస్తున్నాం. ఎండుటాకులు కాళ్ళకింద కరకరమంటున్నాయి. రాజుగారు తన కారు దగ్గరికి వచ్చాక తాళం చెవి చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"గురువుగారూ, ఒక మాట అడుగుతాను. మొహమాటానికి చెప్పకండి."

"అడగండి."

"పర్సిస్ ఇంకో వారం ఆగుంటే ఆ సీటు వచ్చేదంటారా?"

నేను నా కారు ఎక్కడ పెట్టానో వెతుకుతున్నట్టు అటు చూశాను.

"లూసీ ఆగమందండి. పిల్లక్కూడా ఆగాలనే ఉంది. నేనే. ఎదటివాళ్ళ సీటు పట్టుక్కూచోకూడదమ్మా, ఏదో ఒకటి తేల్చెయ్ అని నేనే తొందరపెట్టాను. పెద్ద నీతిమంతుళ్ళాగా. దాని మొహం చూసినప్పుడల్లా, నేనే దాని నోటి కాడ కూడు తీసేశానా అనిపిస్తదండి. ఎవర్ని అడగను? లూసీని అడగలేను. పాస్టరుగారిని అడిగితే దేవుడి చిత్తం అంటారు. మీరు చెప్పండి."

ఆయన మొహం మీద స్టేషన్ దీపం పడుతోంది. ఆ సీటు ఎవరి దగ్గరుందో, ఎన్నాళ్ళుందో, ఎందుకుందో ఈ భూమ్మీద ఆయనకి చెప్పగల మనిషిని నేనొక్కణ్ణే. చెబితే ఆయన తప్పేం లేదని తెలుస్తుంది. చెబితే ఆయనకున్న ఒక్క స్నేహితుడూ పోతాడు. ఆ రెండోది వద్దని ఆయన కూతురే అంది, నా కోసం నేను అనుకున్నది కాదు. ఇప్పటికీ ఆ మాట అడ్డం పెట్టుకునే బతుకుతున్నాను.

"వచ్చేది కాదండీ" అన్నాను.

"అంత ఖచ్చితంగా ఎలా చెబుతారు?"

"అవనికి తెలిసినవాళ్ళు ఒకళ్ళు అక్కడ చదువుతున్నారు. ఏప్రిల్లోనే క్లాసు నిండిపోయిందట. తరవాత ఒక్క సీటు కూడా కదల్లేదట. మీరు వారం కాదు, మూడు నెలలు ఆగినా అంతే."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

రాజుగారు కారుకి ఆనుకున్నాడు. భుజాల మీంచి ఏదో దించినట్టు ఊపిరి వదిలాడు. "ఈ మాట ఎవరన్నా చెబితే బావుణ్ణని ఐదు నెలలుగా చూస్తన్నానండి. బతికించారు." నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి చల్లగా ఉంది. వదలకుండా అలా పట్టుకునే, "ఏంటండీ ఇవ్వాళ? పొద్దుట్నించీ ఒక్కటీ వెయ్యలేదు?" అన్నాడు. అప్పుడే నవ్వడానికి మొహం సిద్ధం చేసుకున్నాడు.

వేశాను. ఆయన నవ్వాడు. పార్కింగ్‌లో పోతున్న ఒక తెల్లావిడ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. కారులో కూచుని బెల్టు పెట్టుకుంటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ జోకేమిటో మాత్రం ఇక్కడ రాయను.